పారశీక పూలతోటలో పాలమూరు కవి

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మొన్నొక రోజు మా అమ్మాయితో కలిసి హైదరాబాదులో సిటీ బస్సులో పోతున్నాను. సచివాలయం దగ్గరికి వచ్చేసరికి బస్సు ఆగిపోయింది. పిల్ల కిటికీలోంచి బోర్డులన్నీ చదువుతూ, "బూర్గుల రామకృష్ణారావు భవనం... ఎవరమ్మా ఈయన?" అని అడిగింది. "హైదరాబాదు రాష్ట్రానికి ఎన్నికల తర్వాత వచ్చిన మొదటి ముఖ్యమంత్రి" అన్నాను. "ఓహో" అని మళ్ళీ బయటికి చూస్తూ కూర్చుంది. పరీక్షలో అయితే ఆ జవాబుకు పూర్తి మార్కులు పడతాయి. నాకు మాత్రం ఇంటికి వచ్చి బియ్యం కడుగుతున్నంతసేపూ, పిల్లకు సగమే చెప్పానే అన్న వెలితి పోలేదు. ఆ మిగతా సగం ఈవేళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

మీలో చాలామంది శుక్రవారం పూట దీపం పెట్టి కనకధారాస్తవం చదువుకుంటారు. సౌందర్యలహరి వచ్చినవాళ్ళూ ఉంటారు. ఆ రెంటినీ తెలుగు చేసిన కలమే ఉమర్ ఖయ్యాం రుబాయీలను కూడా తెలుగు చేసింది. ఒక చేత్తో అమ్మవారి స్తోత్రం, ఇంకో చేత్తో మధుపాత్ర పాటలు! ఆ కలం పట్టినవారు బూర్గుల రామకృష్ణారావుగారు. వృత్తి చేత వకీలు, ప్రజాజీవితంలో మంత్రి, ముఖ్యమంత్రి, గవర్నరు. వీటన్నిటికీ ముందూ వెనకా, కడదాకా ఆయన కవి, అనువాదకుడు. అదీ ఏ భాష నుంచి? తన తెలుగును నోరెత్తనివ్వని దర్బారు ఏ భాషను నెత్తిన పెట్టుకుందో ఆ ఫార్సీ నుంచి. నాకు ఆశ్చర్యం కలిగించేది ఇక్కడే.

ఆ ఆశ్చర్యం మీకూ కలగాలంటే ఆనాటి మన ప్రాంతం ఎట్లా ఉండేదో కొంచెం చెప్పాలి.

నల్లగొండ, మహబూబ్‌నగరం జిల్లాలు నిజాం రాజ్యంలోవి. ఇండ్లల్లో, పొలాల్లో, పెండ్లిపాటల్లో తెలుగే. కచేరీ గడప తొక్కితే మాత్రం తెలుగు చెల్లదు. 1880ల దాకా సర్కారు రాతకోతలన్నీ ఫార్సీలో సాగాయి. ఆ తర్వాత ఆ స్థానంలోకి ఉర్దూ వచ్చింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు చదువంతా ఉర్దూలోనే. ఒక దేశభాషలో ఉన్నత విద్య నేర్పడం అప్పటికి పెద్ద సాహసమే, ఆ గొప్పను కాదనకూడదు. అయితే ఆ దేశభాష, రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగు కాకపోయింది. రైతుకు తన పొలం కాగితంలో ఏమి రాసి ఉందో తెలియదు. పట్వారీ చదివి చెప్పిందే వేదం.

రామకృష్ణారావుగారు 1899 మార్చి 13న అప్పటి మహబూబ్‌నగరం జిల్లా కల్వకుర్తి దగ్గర పడకల్ గ్రామంలో పుట్టారు. తల్లి రంగనాయకమ్మ, తండ్రి నరసింగరావు. అసలు ఇంటిపేరు పుల్లంరాజువారట. షాద్‌నగర్ దగ్గరి స్వగ్రామం బూర్గుల పేరే చివరికి ఇంటిపేరుగా నిలిచిపోయింది. 2016లో జిల్లాలు మారినప్పుడు ఆ ఊరు రంగారెడ్డి జిల్లాలోకి పోయిందిగానీ, పాలమూరు వాళ్ళు ఆయన్ను తమవాడనే చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. హైదరాబాదులో ధర్మవంత్, ఎక్సెల్సియర్ పాఠశాలల్లో చదివి, పుణె ఫెర్గూసన్ కాలేజీలో 1920లో బి.ఏ., బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి 1923లో న్యాయశాస్త్రం పూర్తి చేశారు. ఇంట్లో తెలుగు, సంస్కృతం. నగరంలో ఉర్దూ, ఫార్సీ. పుణెలో మరాఠీ, ఇంగ్లీషు. కన్నడం కూడా వచ్చేది. ఒక్కొక్క ఊరు ఒక్కొక్క భాషను ఒళ్ళో వేసి పంపినట్లుంది.

ఆయన పైచదువుల్లో ఉన్న రోజుల్లోనే హైదరాబాదులో ఒక సంఘటన జరిగింది. 1921 నవంబరు 12న వివేకవర్ధిని నాటకశాలలో సంఘసంస్కరణ సభ. అధ్యక్షులు ఎవరనుకున్నారు? స్త్రీ విద్య కోసం జీవితమంతా ధారపోసిన పుణె మహనీయులు ధొండో కేశవ కర్వేగారు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావుగారనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడబోతే, సభలో నవ్వులు, కేకలు. మాట సాగనివ్వలేదు. తెలుగువాళ్ళు లేచి బయటికి వచ్చేశారు. ఆ రాత్రే టేకుమాల రంగారావుగారి ఇంట్లో కూర్చుని ఆంధ్ర జన సంఘం స్థాపించుకున్నారు. తర్వాతి కాలంలో ఆంధ్ర మహాసభగా పెరిగిన చెట్టుకు విత్తనం అదే. మాడపాటి హనుమంతరావుగారు, సురవరం ప్రతాపరెడ్డిగారు, బూర్గులవారు అంతా ఆ నీడలో పనిచేసినవారే.

ఇక్కడ మన ఆడవాళ్ళ కోసం ఒక చిన్న ముచ్చట. 1928లో మాడపాటివారు హైదరాబాదులో తెలుగు ఆడపిల్లలకు ఉన్నత పాఠశాల పెట్టారు. ఉర్దూ మాధ్యమం కానందున ఇక్కడ దానికి గుర్తింపు దొరకలేదు. అప్పుడు ఆ బడిని చేరదీసింది ఎవరంటే, ఆ కర్వేగారు పుణెలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమే. ఆయన అధ్యక్షత వహించిన సభలో తెలుగుకు అవమానం జరిగింది, ఆయన స్థాపించిన విద్యాలయం తెలుగు పిల్లలకు ఆసరా అయింది. చరిత్రలో ఇలాంటి వియ్యాలు అప్పుడప్పుడు జరుగుతుంటాయి.

ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం 1930లో మెదక్ జిల్లా జోగిపేటలో, ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగింది. పక్కనే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. రెండో సమావేశం 1931లో మన నల్లగొండ జిల్లా దేవరకొండలో. దానికి అధ్యక్షులు బూర్గుల రామకృష్ణారావుగారు. అప్పటికి ఆయన వయసు ముప్పై రెండు. సభ పెట్టుకోవాలన్నా, ఉపన్యసించాలన్నా సర్కారు అనుమతి కావలసిన రోజులవి. 'గస్తీ నిషాన్ 53' అనే ఉత్తర్వు ఒకటి అందరి నోళ్ళకూ తాళం వేసి ఉండేది. దేవరకొండ కోట చూడడానికి పోయినవాళ్ళు ఈసారి ఈ సంగతి కూడా తలచుకోండి.

సరే, ఇంతవరకూ విన్నాక మీకొక సందేహం రావాలి. తెలుగు కోసం ఇంత పాటుపడిన మనిషికి ఫార్సీ అంటే ఒళ్ళు మండాలి కదా? మండలేదు. ఆయన ఫార్సీని కూర్చుని శ్రద్ధగా చదివారు. 'పారశీక వాఙ్మయ చరిత్ర' రాశారు. ఖయ్యాం రుబాయీలను, సర్మద్ రుబాయీలను తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. తెలుగు నోరు నొక్కిన దర్బారుతో ఆయనకు తగాదా ఉండింది. ఆ దర్బారు మెచ్చిన కవులు మాత్రం ఆయనకు ఆత్మబంధువులు. ఈ తేడా తెలిసి ప్రవర్తించడం ఎంత కష్టమో, అత్తగారితో మాట పట్టింపు వచ్చిన ఏ కోడలినైనా అడగండి. అత్తమీది కోపంతో ఆమె చేసిన ఆవకాయ కూడా చేదని అనేస్తాం!

నా అనుభవం ఒకటి చెబుతాను. నేను ప్రసంగాలు రాయడం మొదలుపెట్టిన కొత్తలో, ఒక చోట నా కాగితాలు చూసిన పెద్దమనిషి ఒకరు 'దస్తీ' అన్న మాటకింద గీత గీసి, "ఇది తెలుగు కాదమ్మా, ఉర్దూ. చేతిరుమాలు అని రాయండి" అన్నారు. నేను బిక్కమొహంతో దిద్దేశాను. చాలా ఏండ్ల తర్వాత తెలిసింది, 'రుమాలు' కూడా ఫార్సీ మాటే అని. 'రూ' అంటే ముఖం, 'మాల్' అంటే తుడిచేది. దస్తీలో 'దస్త్' అంటే చెయ్యి. ఆయనది ముఖం, నాది చెయ్యి, అంతే తేడా. పొద్దున్నుంచీ మనం వాడే మాటలు ఒక్కసారి లెక్కపెట్టండి. బజారు, జేబు, కాగితం, కలం, దర్జీ, పరదా, శాలువా, చాకు, బాదం, కిస్మిస్, ఖరీదు, నకలు, ఫిర్యాదు. ఇవి ఫార్సీవి, లేదా అరబ్బీ నుంచి ఫార్సీ మీదుగా మనదాకా వచ్చినవి. రైతు అన్న మాట కూడా అంతే. వచ్చి మన ఇంట్లో పిల్లల్ని కని స్థిరపడ్డాయి. వాటిని వెళ్ళగొడితే మనం కూరగాయలు కూడా కొనుక్కురాలేం.

ఇప్పుడు ఖయ్యాం దగ్గరికి వద్దాం. 1048లో పారశీక దేశంలోని నిషాపూరులో పుట్టాడు. ఖయ్యాం అంటే గుడారాలు కుట్టేవాడని అర్థం. ఆయన బతికిన కాలంలో ఆయన పేరు కవిగా కాదు, గణితజ్ఞుడిగా, ఖగోళజ్ఞుడిగా మారుమోగింది. 1079లో అక్కడ అమలులోకి వచ్చిన సంస్కరించిన పంచాంగం వెనక ఆయన లెక్కలు ఉన్నాయి. నక్షత్రాలు చూసి చూసి అలసిన రాత్రుల్లో, నాలుగు పాదాల చిన్న పద్యాలు అల్లాడు కాబోలు. అవే రుబాయీలు. ఆయన పేరున తిరుగుతున్నవన్నీ ఆయనవేనా అన్న చర్చ పండితుల్లో ఇప్పటికీ ఉంది.

ఆ ఖయ్యాంను లోకానికంతా పరిచయం చేసినవాడు ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్ అనే ఇంగ్లీషు కవి. 1809లో పుట్టాడు. కలిగిన ఇంటి బిడ్డ, పల్లెటూళ్ళో ఒంటరిగా, ఎక్కువగా రొట్టెతో పళ్ళతో కాలం గడిపిన మనిషి. నలభై ఏండ్లు దాటాక కవెల్ అనే స్నేహితుడి దగ్గర ఫార్సీ నేర్చుకున్నాడు. ఆ కవెల్ 1856లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీకి పంతులుగా వచ్చి, అక్కడి ఏషియాటిక్ సొసైటీ గ్రంథాలయంలో ఖయ్యాం రాతప్రతి ఒకటి చూసి, నకలు తీయించి ఇంగ్లండుకు పంపాడు. చూశారా, ఆ ఇంగ్లీషు కావ్యానికి మన దేశం నుంచి కూడా కొంత సరుకు పోయింది. 1859లో 75 పద్యాల చిన్న పుస్తకం, కవి పేరు కూడా లేకుండా అచ్చయింది. 250 ప్రతులు. ఎవరూ కొనలేదు. దుకాణదారు విసిగి, ఏది తీసుకున్నా ఒక పెన్నీ అనే పెట్టెలో పడేశాడు. రెండేండ్ల తర్వాత దారిన పోయేవాళ్ళ కంటపడి, చేతులు మారి, కవుల దృష్టికి వచ్చి, ఆపైన ప్రపంచమంతా పాకిపోయింది. ఆయన 1883లో పోయాడు. పదేండ్లకు, నిషాపూరులో ఖయ్యాం సమాధి దగ్గరి గులాబీ విత్తనాలతో పెంచిన మొక్కను తెచ్చి ఆయన సమాధి మీద నాటారు. ఈ ముచ్చట నాకు ఎంతో ఇష్టం. గులాబీ అన్న మాట కూడా ఫార్సీదే సుమండీ, 'గుల్' అంటే పువ్వు, 'ఆబ్' అంటే నీరు. ఇంకొక సంగతి కూడా చెప్పి తీరాలి. ఆ మహాకవి 1856లో లూసీ అనే ఆమెను పెళ్ళాడి కొద్ది నెలల్లోనే విడిపోయాడు. పద్యాల గురించి పుస్తకాలకు పుస్తకాలు రాసినవాళ్ళు ఆ ఇల్లాలికి రెండు వాక్యాలు విదిలిస్తారు.

ఫిట్జెరాల్డ్ చేసింది మక్కికి మక్కి అనువాదం కాదు. నాలుగు పద్యాలు కలిపి ఒకటి చేశాడు, అక్కడి పూలు కోసి తన దండ గుచ్చాడు. ఆ దండ చూసే మన తెలుగువాళ్ళల్లో చాలామంది ఖయ్యాంను ఎరిగారు. కొందరికి మాత్రం ఆ దండ చాలలేదు, తోటకే పోయి చూడాలనుకున్నారు. నెల్లూరి జిల్లా కవి దువ్వూరి రామిరెడ్డిగారు అందుకే ఫార్సీ నేర్చి 'పానశాల' రాశారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మూలాన్నీ ఇంగ్లీషునూ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ మార్చారు. వారికి ఫార్సీ పని గట్టుకుని నేర్చుకున్న భాష. బూర్గులవారు పెరిగిన నగరంలో అది బతికి ఉన్న భాష. ముషాయిరాల్లో, కచేరీల్లో, పెద్దల సంభాషణల్లో రోజూ చెవినపడే భాష. ఆ తేడా చిన్నది కాదు.

అనువాదం అంటే మాటకు మాట పెట్టడం అనుకుంటాం. రుబాయీలో ఒకటి, రెండు, నాలుగు పాదాల చివర ప్రాస కలుస్తుంది. మూడో పాదాన్ని వదిలేస్తారు. అది గాలిలో వేలాడుతుంది, నాలుగో పాదం వచ్చి టక్కున ముడి వేస్తుంది. మన పద్యం తీరు వేరు. మనకు కందంలో, వృత్తాల్లో ప్రాస పాదం మొదట, రెండో అక్షరం మీద. నడుమ యతి ఒకటి. వాళ్ళ జడ కొనలో ముడి, మన జడ కుదురులో పాపిడి అనుకోండి. ఆ జుట్టు విప్పి మన తీరులో అల్లాలి, ఒక్క పువ్వు రాలకూడదు. పని చేసి చూస్తేగాని తెలియని చాకిరీ ఇది.

ఖయ్యాం సంగతి చాలామందికి తెలుసు. నాకు అంతకంటే ఆసక్తి కలిగించేది బూర్గులవారు సర్మద్‌ను ఎన్నుకోవడం. ఎవరీ సర్మద్? పారశీక దేశంలోని కాషాను నుంచి వచ్చిన యూదుడు, వర్తకుడు. 17వ శతాబ్దిలో సరుకు వేసుకుని సింధుదేశం తట్టా పట్టణం చేరాడు. అక్కడ సరుకు, సంపద, చివరికి ఒంటిమీది గుడ్డలు కూడా వదిలేసి ఫకీరై తిరిగాడు. మన హైదరాబాదులోనూ కొంతకాలం ఉన్నాడు, అది అబ్దుల్లా కుతుబ్‌షా కాలం. ఆపైన ఢిల్లీ చేరి షాజహాను పెద్దకొడుకు దారాషికోకు ఆత్మీయుడయ్యాడు. దారాను 1659లో తమ్ముడు ఔరంగజేబు చంపించాడు. కొద్దికాలానికే సర్మద్ మెడ మీద కూడా కత్తి పడింది. ఢిల్లీ జామా మసీదు దగ్గర ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. ఫార్సీ రుబాయీల్లో ఆయన దేవుణ్ణి పిలిచిన తీరు, మన భక్తుల ధోరణికి ఎంతో దగ్గర.

ఇప్పుడు ఇంకో పుస్తకం చూడండి. బూర్గులవారి 'పండితరాజ పంచామృతం'. ఇది జగన్నాథ పండితరాయల అయిదు లహరులకు తెలుగు. గంగ మీద, యమున మీద, విష్ణువు మీద, లక్ష్మి మీద, సూర్యుడి మీద చెప్పిన సంస్కృత స్తోత్రాలివి. జగన్నాథుడు మన తెలుగువాడే, కోనసీమ ముంగండ అగ్రహారం. కాశీ ఘాటు మీద కూర్చుని ఒక్కొక్క శ్లోకం చెబుతుంటే గంగ ఒక్కొక్క మెట్టూ ఎక్కి పైకి వచ్చిందని కథ మనం వింటూంటాం. మరి ఆయనకు పండితరాజ బిరుదు ఇచ్చిందెవరు? షాజహాను చక్రవర్తి. ఆయన మెలిగింది ఏ కొలువులో? అదే ఢిల్లీ కొలువులో, అదే దారాషికో చేరదీసిన పండితుల నడుమ.

ఇది గమనించిన రోజు నేను పొయ్యిమీద పాలు పొంగుతున్నా చూసుకోలేదు. స్నానసంధ్యలు విడవని తెలుగు బ్రాహ్మణుడు, గుడ్డలు కూడా విడిచిన యూదు ఫకీరు. ఒకాయనది సంస్కృతం, ఒకాయనది ఫార్సీ. ఇద్దరికీ నీడ ఒకే రాజకుమారుడు. ఆ రాజకుమారుడు కూడా అనువాదకుడే! 1657లో కాశీ పండితులను కూర్చోబెట్టుకుని 50 ఉపనిషత్తులను ఫార్సీలోకి తెచ్చాడు. ఆ ఫార్సీ నుంచి ఒక ఫ్రెంచి పండితుడు లాటినులోకి మార్చితే, 19వ శతాబ్దిలో ఐరోపా తత్త్వవేత్తలు ఉపనిషత్తులను చదివారు. మన ఉపనిషత్తులు ఫార్సీ గడప దాటి లోకంలోకి పోయాయి. దారా కొలువు చెదిరి దాదాపు మూడు వందల ఏండ్లయ్యాక, ఆ కొలువులోని ఇద్దరు కవులను పాలమూరు వకీలు ఒకాయన తన రాతబల్ల మీద మళ్ళీ పక్కపక్కన కూర్చోబెట్టాడు. ఈసారి ఇద్దరూ తెలుగులో మాట్లాడారు. బూర్గులవారు ఇది తలచుకునే ఎన్నుకున్నారని నేను అనను. నాకు తోచిన మాట చెబుతున్నాను, అంతే.

ఆయన ప్రజాజీవితం మీకు పుస్తకాల్లో దొరుకుతుంది, క్లుప్తంగా చెప్పి దాటుతాను. స్టేట్ కాంగ్రెసులో పనిచేశారు, జైలుకు వెళ్ళారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో చేరింది. 1950లో రెవెన్యూ మంత్రి అయ్యారు. కౌలు రైతుకు భూమి మీద రక్షణ కల్పించిన కౌలుదారీ చట్టం ఆ సంవత్సరానిదే. నల్లగొండ జిల్లా అప్పుడు భూమి కోసం రగులుతున్నది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబాగారికి మొదటి భూదానం జరిగింది ఆ రోజుల్లోనే. 1952 మార్చిలో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ సెప్టెంబరులోనే ముల్కీ ఆందోళన, నగరంలో పోలీసు కాల్పులు, ప్రాణాలు పోవడం. కవి హృదయం ఉన్న మనిషి ఏలుబడిలో ఇట్లా జరగడం నాకిప్పటికీ మింగుడుపడదు, కప్పిపుచ్చనూ లేను. 1955 డిసెంబరు 10న నల్లగొండ జిల్లా నందికొండ దగ్గర నెహ్రూగారు నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో ఆయన కుర్చీ ఖాళీ చేసి కేరళకు గవర్నరుగా వెళ్ళారు. 1959లో ఆయన నివేదిక తర్వాతనే అక్కడి కమ్యూనిస్టు మంత్రివర్గాన్ని కేంద్రం తొలగించింది. దాని మీద వాదోపవాదాలు ఇంకా ఆగలేదు. ఆపైన ఉత్తరప్రదేశ్ గవర్నరు, రాజ్యసభ సభ్యులు. 1967 సెప్టెంబరులో కన్నుమూశారు.

ఆయన దగ్గర వకాల్తులో శిష్యరికం చేసిన యువకుడు ఒకరున్నారు, పి.వి. నరసింహారావుగారు. తర్వాత దేశానికి ప్రధానమంత్రి అయిన ఆయన. గురువుగారి నుంచి వకాలతు ఎంత అబ్బిందో నాకు తెలియదుగానీ, అనువాదం పిచ్చి మాత్రం ఇద్దరిదీ ఒకటే. విశ్వనాథవారి 'వేయిపడగలు' హిందీ చేసింది పి.వి.గారే. హరి నారాయణ ఆప్టే రాసిన మరాఠీ నవలను 'అబల జీవితం' పేరున తెలుగు చేసిందీ ఆయనే. ఒక ఆడపిల్ల తన కథ తానే చెప్పుకునే నవల అది. గ్రంథాలయంలో దొరికితే తప్పక తెచ్చుకోండి.

ఇంత చెప్పాను, ఇదంతా నాకెందుకు పట్టిందో కూడా చెప్పాలి.

మా తాత నల్లగొండ జిల్లా పల్లెటూళ్ళో ఉర్దూ బడిలో చదువుకున్నవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, సంతకం పెట్టేది ఉర్దూలో. రామాయణం తెలుగులో చదివేవాడు, జమాఖర్చు ఉర్దూలో రాసేవాడు. ఆయన పోయాక ఒక ఇనుపపెట్టె మిగిలింది. నిండా కాగితాలు. మా నాన్న తరానికే ఆ అక్షరాలు వచ్చేవి కావు, ఇక మా సంగతి చెప్పేదేముంది. భూమి కాగితాలేమో, అప్పు పత్రాలేమో అని పారేయడానికి భయం, ఉంచుకుంటే చెదలు. ఇల్లు మారినప్పుడల్లా ఆ పెట్టె మాతో పాటు తిరిగింది. సొంత తాత రాసింది మనవరాలు చదువుకోలేకపోవడం ఏమిటి చెప్పండి! ఒకనాడు తెలుగు రైతు ఉర్దూ కాగితం పట్టుకుని పట్వారీ ముఖం వైపు చూశాడు. ఇప్పుడు చదువుకున్న నేను అదే కాగితం పట్టుకుని దిక్కులు చూశాను.

చివరికి నల్లగొండలో ఉర్దూ పంతులుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన దగ్గరికి పెట్టెతో సహా పోయాను. ఆయన ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటీ చదివి పక్కన పెట్టారు. పహాణీ నకలు. శిస్తు రసీదు. ఎడ్లు కొన్న కాగితం. మా మేనత్త పెండ్లి ఖర్చుల పట్టీ, అందులో కిస్మిస్ ఎంత, బాదం ఎంత, అన్నీ ఉన్నాయి. మధ్యలో ఒక మడత కాగితం విప్పి, చదవడం మొదలుపెట్టి, ఆయన గొంతు మారింది. లెక్కలు చదివే గొంతు పోయి పాటలోకి దిగింది. "ఇది లెక్క కాదు బిడ్డా, ఇది రుబాయీ. ఫార్సీ. ఖయ్యాంది అంటారు" అన్నారు.

ఆ నాలుగు పాదాల కింద తెలుగు అక్షరాలు ఉన్నాయి. తాత దస్తూరే, వంకర వంకరగా. తేటగీతిలో పడేయాలని చూసినట్లుంది. మొదటి మూడు పాదాలూ కుదిరాయి. నాలుగో పాదం దగ్గర మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాడు. ఆ కింద మళ్ళీ ఉర్దూ మొదలైంది. ఆ సంవత్సరం ఇంటికి వచ్చిన వడ్ల లెక్క అది.